ముందు చక్రాల మీద ఒక కన్ను

అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. ‘అన్నయ్యా, అది ట్రాక్టరు కొంటోంది’ అని ఒక్క మాట చెప్పి చాలాసేపు ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. వాడు ఎందుకు మాట్లాడలేకపోయాడో నాకు తెలుసు, నేను ఎందుకు మాట్లాడలేకపోయానో వాడికి తెలుసు. నీకు మాత్రం ఇన్నాళ్లూ తెలియదు. ఈ ఉత్తరం రాయడానికి సగం కారణం అదే.

నా చేత నీకు వద్దని చెప్పించాలని వాడి ఆశ. నేను వద్దనను. మూడెకరాల తోటకు 24 హార్స్‌పవర్ చిన్న ట్రాక్టరు చక్కగా సరిపోతుంది. చెట్ల వరుసల మధ్య తిరుగుతుంది, కొమ్మల కింద దూరుతుంది. ఎవరినో బతిమాలుకుని, అదును దాటిపోయాక దున్నించుకునే బాధ నీకు తప్పుతుంది. డ్రైవరును పెట్టుకోకుండా నువ్వే నడుపుతానన్నావని విని నా గుండె నిండిపోయింది. తర్వాత తెల్లవార్లూ నిద్ర పట్టలేదు.

ముందు చిన్న సంగతులు తేల్చేస్తాను.

పాత బండి కాబట్టి ఇంటికి తెచ్చిన రోజే ఇంజన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు మార్పించు. ఎప్పుడు మార్చారో అమ్మిన వాళ్లు చెప్పినా సరే, మార్పించు. చిన్న ట్రాక్టర్లు చాలావాటిలో గేర్లకూ, వెనుక పనిముట్టును ఎత్తే హైడ్రాలిక్ లిఫ్టుకూ ఒకటే నూనె ఉంటుంది. అది పాలలా తెల్లబడి ఉంటే నీళ్లు చేరినట్టు. ఆ రోజు అవర్ మీటరులో ఉన్న అంకెను ఒక పుస్తకంలో రాసుకో. ట్రాక్టరు వయసు గంటల్లోనే లెక్క. ఎన్ని గంటలకు ఏది మార్చాలో బండితో వచ్చే పుస్తకంలో ఉంటుంది; పుస్తకం లేకపోతే సంపాదించు. రోజూ ఇంజను చల్లగా ఉన్నప్పుడే ఆయిలు, రేడియేటరులో నీళ్లు చూసుకో. వేడి మీద రేడియేటరు మూత తీయకు. పని అయిన సాయంత్రమే డీజిలు నింపి పెట్టు. ఖాళీ ట్యాంకులో రాత్రి చెమ్మ చేరి నీళ్లవుతుంది. గ్రీజు కొట్టే ముందు నిపిల్ మీది మట్టి తుడువు, లేకపోతే ఆ మట్టినే బేరింగులోకి ఎక్కించినట్టవుతుంది.

ఎయిర్ ఫిల్టరు దగ్గర మాత్రం కొంచెం ఆగుతాను. తిరిగే బ్లేడ్ల రోటవేటరుతో పొడి నేల దున్నేటప్పుడు ట్రాక్టరు తన దుమ్మును తనే పీలుస్తుంది. ఫిల్టరు మూసుకుపోతే ఇంజను నల్లటి పొగ వదిలి నీకు చెబుతుంది. కానీ ఫిల్టరుకూ ఇంజనుకూ మధ్య ఉన్న రబ్బరు గొట్టం పగిలినా, దాని క్లిప్పు వదులైనా ఏ సూచనా ఉండదు. ఇంజను హాయిగా నడుస్తూనే ఉంటుంది, లోపల దుమ్ము సిలిండర్లను ఆకురాయిలా అరగదీస్తూ ఉంటుంది. అందుకే వారానికి ఒకసారి ఆ గొట్టాన్ని చేత్తో తడిమి చూడు. ఫిల్టరును టైరుకేసి కొట్టి దులిపే వాళ్లను చూసి నేర్చుకోకు. దాని కాగితం మడతలు చిట్లుతాయి. దులిపి దులిపి పాడుచేసుకోవడం కంటే కొత్తది వేసుకోవడం మేలు.

రోటవేటరు నేలలో ఉండగా మలుపు తిప్పవద్దు. ఎత్తి, తిప్పి, దించుకో. ఇంజను బలాన్ని రోటవేటరుకు అందించే తిరిగే కడ్డీని పీటీఓ షాఫ్టు అంటారు. మరీ పైకెత్తినప్పుడు దాని కీళ్లు కొట్టుకుంటుంటే షాఫ్టును ఆపి, అప్పుడు బండిని మలుపు తిప్పు. షియర్ బోల్టు తెగితే అలాంటి బోల్టే వేయి. మాటిమాటికీ తెగుతోందని విసిగి గట్టి బోల్టు వేస్తే ఈసారి గేరు బాక్సు విరుగుతుంది. ఆ బోల్టు ఉన్నదే తెగడానికి.

పీటీఓ షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు పగిలి ఉంటే రోటవేటరు తగిలించనే వద్దు. నిమిషానికి 540 చుట్లంటే సెకనుకు 9. జానెడు చుట్టుకొలత ఉన్న గొట్టం ఒక్క సెకనులో దాదాపు రెండు మీటర్ల గుడ్డను చుట్టేసుకుంటుంది. చున్నీ, జుట్టు, వదులు చేతులు, ఏదీ దాని దరికి వెళ్లకూడదు. బ్లేడ్లకు గడ్డి చుట్టుకుంటే ఇంజను ఆపు, తాళంచెవి జేబులో వేసుకో, అప్పుడు దిగు. ఆ తాళం బండికే ఉండి నువ్వు బ్లేడ్ల దగ్గర కూర్చున్నావని నాకు తెలిస్తే, ఎంత దూరమైనా వచ్చి తిడతాను.

ఇప్పుడు అసలు మాట.

మీ నాన్న ఎడమ మణికట్టు పూర్తిగా తిరగదు. అరచేయి పైకి పెట్టమంటే సగంలోనే ఆగిపోతుంది. చిన్నప్పుడు నువ్వు అడిగితే సైకిలు మీద నుంచి పడ్డానని చెప్పాడు. అది అబద్ధం. నా కోసం చెప్పిన అబద్ధం.

అప్పుడు నాకు 26 ఏళ్లు, వాడికి 17. పొలం మధ్యలో ఒక చెట్టు మోడు ఉండేది. దున్నిన ప్రతిసారీ దాని చుట్టూ తిప్పుకుని పోవాలి. వాన కురిసి నేల మెత్తబడిన మర్నాడు, ఈ రోజు దీన్ని పెరికేస్తానని గొలుసు వేసుకుని బయలుదేరాను. ట్రాక్టరు వెనుక, అడుగున డ్రాబార్ ఉంటుంది. ఏది లాగినా దానికే కట్టాలని నాకు తెలుసు. తెలియక చేసి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. కింద కడితే గొలుసు నేలబారుగా లాగుతుంది, పైన కడితే మోడును పైకెత్తుతుందని నేనే ఒక లెక్క వేసుకున్నాను. సీటు వెనుక, పనిముట్టును పైనుంచి పట్టి ఉంచే టాప్ లింకు తగిలించే చోట, ఇరుసు కంటే జానెడు పైన కొక్కెం వేశాను. రెండో కొసను మోడు వేరు ఒకదానికి చుట్టాను. మీ నాన్న ఎగిరి మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. నేను దిగమనలేదు. మాకు అదే అలవాటు.

మొదటి గేరు వేసి, యాక్సిలరేటరు పెంచి, క్లచ్చు ఒక్కసారిగా వదిలాను. గొలుసు బిగుసుకుంది. మోడు కదలలేదు. వెనుక చక్రాలు జారిపోయి ఉంటే ఏమీ అయ్యేది కాదు. అవి ఆ నేలలో పళ్లు దిగేసి నిలబడిపోయాయి. మరుక్షణం నా ఎదుట పొలం లేదు. బానెట్టు ఉంది, దాని మీద ఆకాశం ఉంది. అరుపు కూడా రాలేదు. క్లచ్చు తొక్కాలన్న ఆలోచన కాలికి చేరేలోపే ఏదో ఫట్‌మని విరిగింది, ట్రాక్టరు ముందుభాగం దబ్బున నేలకు కొట్టుకుంది.

నేను గొలుసు చుట్టిన వేరు లోపల పుచ్చి ఉంది. మేమిద్దరం ఈ రోజు ఉన్నామంటే ఆ పుచ్చు వల్లనే. నా డ్రైవింగుకు అందులో ఏ పాత్రా లేదు.

చూస్తే పక్కన తమ్ముడు లేడు. చక్రం పక్కన బోర్లా పడి ఉన్నాడు, ఎడమ చేయి వాడి కింద ఎటో తిరిగి ఉంది. చక్రానికీ వాడి తలకూ మధ్య మూరెడు దూరం. ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది. దాన్ని ఆపాలని తెలుసు, చేయి రాలేదు. వాడే తల ఎత్తి, ‘అన్నయ్యా, ఆపు’ అన్నాడు. ఇంటికి వెళ్లాక నేను నోరు తెరవకముందే సైకిలు మీద నుంచి పడ్డానని అమ్మతో చెప్పేశాడు. ఎముక అతికింది, కానీ వంకరగా అతికింది.

ఎందుకలా అయిందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎవరికీ చెప్పకుండా ఉండలేకపోయాను. ఇంజను తన బలంతో వెనుక చక్రాలను తిప్పాలని చూస్తుంది. చక్రాలు తిరగలేని స్థితిలో ఉంటే ఆ బలం ఊరికే పోదు. ట్రాక్టరునే ఇరుసు చుట్టూ వెనక్కి తిప్పుతుంది. డ్రాబార్‌కు కట్టినప్పుడు ముందుభాగం లేచే కొద్దీ కొక్కెం కిందికి దిగుతుంది, లాగుడు పట్టు తగ్గి బండి మళ్లీ నేలకు వస్తుంది. ఇరుసుకు పైన కడితే ఆ లాగుడే బండిని వెనక్కి పడదోస్తుంది. ముందు చక్రాలు లేచాక ఇక ఆపలేని చోటికి చేరడానికి ముప్పావు సెకను చాలు. కళ్లు చూసి, మనసు గ్రహించి, కాలు కదిలేలోపు అయిపోతుంది. ఎంత అనుభవం ఉన్నవాడైనా ఒకటే.

కాబట్టి, తల్లీ, ఏది లాగినా డ్రాబార్‌కే కట్టు. టాప్ లింకుకు కట్టకు, ఇరుసుకు చుట్టకు. క్లచ్చు మెల్లగా వదులు. మోడును లాగాలనుకోవద్దు. చుట్టూ తవ్వి వేర్లు నరికించు, లేదా పెద్ద యంత్రాన్ని పిలిపించు, లేదా అలాగే వదిలేసి దాని చుట్టూ దున్నుకో. బురదలో దిగబడితే చక్రాల ముందు దుంగ కట్టి ఎక్కించాలని చూడకు. చక్రం ఆ దుంగ దగ్గర ఆగిందంటే ఆ రోజు నాకు జరిగిందే జరుగుతుంది. వెనక్కి వచ్చే దారి ఉంటే రివర్సులో రా. లేకపోతే ఇంజను ఆపి, దిగి, ఇంకో ట్రాక్టరు వచ్చేదాకా కూర్చో.

మడ్‌గార్డు మీద ఎవరినీ ఎక్కించుకోవద్దు. ఈ ఒక్క మాటకు నాకు మాట ఇవ్వాలి. పిల్లలు అడుగుతారు, ముద్దుగా అడుగుతారు. సీటు ఒకటే ఉంది, మనిషి ఒక్కరే ఉండాలి.

సీటు వెనుక, బండి తిరగబడినా మనిషి నలగకుండా కాపాడే ఇనుప రోల్‌బార్ ఉందో లేదో మీ నాన్న చెప్పలేదు. లేకపోతే అది బిగించేదాకా పొలంలోకి దించకు. మడతపెట్టే రకమైతే నిటారుగా నిలబెట్టి, సీటు బెల్టు పెట్టుకో. కొమ్మల కింద దాన్ని మడవక తప్పకపోతే అప్పుడు మాత్రం బెల్టు వేసుకోకు, అక్కడి పని అవగానే మళ్లీ నిలబెట్టు. మా ట్రాక్టరుకు అదేమీ లేదు. ఉండి ఉంటే ఇన్నేళ్లూ నాకు ఈ కలలు వచ్చేవి కావేమో.

రోటవేటరు ఎత్తి రోడ్డు మీద వెళ్లేటప్పుడు స్టీరింగు తేలికగా తోస్తే సంతోషించకు. ముందు చక్రాల మీద బరువు చాలడం లేదని అర్థం. మొత్తం బరువులో కనీసం 20 శాతం ముందు ఇరుసు మీద ఉండాలి. ముందు బరువులు కొని తగిలించు. రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడళ్లనూ కలిపి కొక్కెం వేయి. విడిగా ఉండి ఒకటే తొక్కితే బండి పక్కకు లాగేస్తుంది. దిగుడు మొదలవకముందే చిన్న గేరులో పడు, క్లచ్చు తొక్కి జారవద్దు. కాలువ గట్టు పక్కన దున్నేటప్పుడు కాలువ ఎంత లోతో అంత దూరంగా ఉండు. ఆ గట్టు పైకి గట్టిగా కనిపించినా బరువు పడితే విరుగుతుంది.

ఇంకొకటి మరిచిపోయాను. ఎత్తిన రోటవేటరు కిందికి దూరవద్దు. దాన్ని పట్టుకున్నది నూనె ఒక్కటే. బ్లేడ్లు మార్చాలంటే కింద గట్టి చెక్క దిమ్మెలు పెట్టు. హైడ్రాలిక్ గొట్టం కారుతుంటే ఎక్కడని చేత్తో వెతకకు. సూది మొనంత రంధ్రం నుంచి వచ్చే నూనె చర్మంలోకి దూసుకుపోతుంది. అట్టముక్క అడ్డుపెట్టి చూడు. పైకి చిన్న గాటులా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చాలా రాశాను. బెదిరిపోకు. మట్టి తిరగబడుతున్న వాసనలో, తొలి ఎండలో, వెనక్కి తిరిగి నువ్వు దున్నిన చాలు చూసుకున్నప్పుడు కలిగే ఆనందం నీకు దక్కాలనే ఇదంతా. ఆ ఆనందం నాకు దక్కింది. ఆ మోడు రోజు తర్వాత కూడా ముప్పై ఏళ్లు ట్రాక్టరు నడిపాను. నడిపినన్నాళ్లూ ఒక కన్ను ముందు చక్రాల మీదే ఉండేది.

ఈ ఉత్తరంతో పాటు ఒక డ్రాబార్ పిన్ను పంపుతున్నాను. ఆ సంఘటన జరిగిన వారంలో కొన్నది. నీ బండికి కొలత సరిపోకపోవచ్చు. సరిపోకపోతే షెడ్డులో నీ కంటికి ఆనేలా మేకుకు తగిలించు.

మీ నాన్నతో నేనే మాట్లాడతాను. ఈ ఉత్తరం చదివాక వాడి మణికట్టు గురించి నువ్వేమీ అడగకు, వాడే చెబుతాడు. ఆదివారం పొద్దున్నే నేను వస్తున్నాను. వచ్చేదాకా ట్రాలీ తగిలించకు.

మీ పెద్దనాన్న