ప్రమోషన్ జీతం నమ్ముకుని కారు కొనొచ్చా?

ప్రశ్న: మా ఆయన అమెరికా నేవీలో సెకండ్ క్లాస్ పెట్టీ ఆఫీసర్, అంటే ఈ-5. నార్ఫోక్‌లో షిప్ మీద డ్యూటీ. 2020 ఆగస్టులో చేరారు. ఈ-5 జీతం 2024 నవంబర్ నుంచి వస్తోంది. వచ్చే మార్చిలో పై ర్యాంకైన ఈ-6 పరీక్ష రాయొచ్చని వాళ్ళ చీఫ్ అంటున్నారు. స్నేహితులేమో 36 నెలలు నిండాలి, అప్పటిదాకా కుదరదంటున్నారు. పెరిగే జీతం ఉంటుంది కదా అని 2026 జూలై నుంచి నెలకు 850 డాలర్ల పేమెంట్ మీద ఒక ఎస్‌యూవీ తీసుకుందామనుకుంటున్నాం. డౌన్ పేమెంట్ కోసం అప్పటిదాకా టీఎస్‌పీలో (రిటైర్‌మెంట్ పొదుపు ఖాతాలో) వేసే 5 శాతం ఆపేద్దామని ఆలోచన. సరైనదేనా?

జవాబు: కారు సంగతి తర్వాత చూద్దాం, ముందు తేదీలు తేల్చుకోవాలి. మీ లెక్క మొత్తం వాటి మీదే నిలబడి ఉంది.

చీఫ్ చెప్పిందీ నిజమే, స్నేహితులు చెప్పిందీ నిజమే. ఈ-5 నుంచి ఈ-6కి మామూలు నియమం 36 నెలల టైమ్ ఇన్ రేట్, అంటే ఇప్పటి ర్యాంకులో గడపాల్సిన కాలం. అయితే ఈ లెక్క మొదలయ్యేది మీరనుకుంటున్న నవంబర్ నుంచి కాదు. మార్చి పరీక్షలో ఎంపికైనవాళ్ళకు జూలై నుంచి డిసెంబర్ దాకా విడతలుగా కొత్త ర్యాంకు ఇస్తారు, జీతం కూడా వాళ్ళ వాళ్ళ విడత నుంచే పెరుగుతుంది, కానీ టైమ్ ఇన్ రేట్ తేదీ మాత్రం అందరికీ జూలై 1 అనే వేస్తారు. సెప్టెంబర్ పరీక్షవాళ్ళకు ఇలాగే జనవరి 1. కాబట్టి మీవారి గడియారం 2024 జూలై 1న మొదలైంది, 36 నెలలు 2027 జూలై 1కి నిండుతాయి, మామూలు దారిలో ఆయన రాయాల్సింది 2027 మార్చి పరీక్ష. చీఫ్ మాట నిజం కావాలంటే తాజా ఎవాల్యుయేషన్‌లో (పనితీరు రిపోర్టులో) 'ఎర్లీ ప్రమోట్' సిఫార్సు ఉండాలి. అది ఉంటే కమాండింగ్ ఆఫీసర్ ఒక ఏడాది మాఫీ చేయగలరు, 2026 మార్చిలోనే కూర్చోవచ్చు. ఆ సిఫార్సు ఒక గ్రూపులో 20 శాతం మందికి మించి ఇవ్వడానికి లేదు, అంటే ఐదుగురిలో ఒకరికి. ఆయన చేతిలో ఆ కాగితం ఉందా, లేక 'వస్తుందిలే' అన్న మాట మాత్రమే ఉందా? ఇది ఈ రోజే అడగండి.

సరే, ఉందనుకుందాం. పరీక్ష రాస్తారు, పాస్ అవుతారు కూడా. అయినా జూలైలో జీతం పెరుగుతుందని ఎవరూ రాసివ్వలేరు. టైమ్ ఇన్ రేట్ నిండడమంటే క్యూలో నిలబడే అర్హత వచ్చిందని మాత్రమే. ఆ రేటింగ్‌లో (నేవీలో ఆయన పని విభాగంలో) పైన ఎన్ని ఖాళీలుంటే అంతమందినే తీసుకుంటారు, ఆ కోటా ప్రతిసారీ మారుతుంది. పరీక్ష మార్కులు, ఎవాల్యుయేషన్ సగటు, మెడల్స్, చదువు అన్నీ కలిపి ఫైనల్ మల్టిపుల్ స్కోర్ వేసి, పైనుంచి కోటా నిండేదాకా తీసుకుని అక్కడ గీత గీస్తారు. పాసై కూడా గీత కింద మిగిలిపోయినవాళ్ళను పీఎన్ఏ అంటారు. వాళ్ళలో పై 25 శాతంలో ఉన్నవాళ్ళకు తర్వాతిసారికి కొన్ని పాయింట్లు కలుస్తాయి, డబ్బు మాత్రం రాదు. పైగా కొన్ని రేటింగుల్లో పరీక్ష పాసైతే సరిపోదు, ఫలానా చోట ఖాళీగా ఉన్న పోస్టుకు వెళ్ళడానికి ఒప్పుకుంటేనే పై ర్యాంకు ఇచ్చే పద్ధతి తెస్తున్నారు. మీవారి రేటింగ్‌కి ఏది వర్తిస్తుందో కమాండ్ కెరీర్ కౌన్సిలర్‌ని అడిగితే చెబుతారు.

ఇక ఎంపికయ్యారే అనుకోండి, ఏ విడతలో పేరు వస్తుంది? జూలైలోనూ రావచ్చు, డిసెంబర్‌లోనూ రావచ్చు. డిసెంబర్ అయితే జూలై నుంచి నవంబర్ దాకా ఐదు పేమెంట్లు, 4,250 డాలర్లు, పాత జీతంలోంచే కట్టాలి. మీరు అనుకున్నవన్నీ అనుకున్నట్టు జరిగినా పరిస్థితి ఇదీ.

మీరు లెక్కలోకి తీసుకోని పెరుగుదల ఇంకొకటి ఉంది, దానికి పరీక్షా లేదు, కోటా లేదు. బేసిక్ పే పట్టికలో ర్యాంకుతో పాటు సర్వీసు సంవత్సరాలు కూడా చూస్తారు. ఆరేళ్ళు దాటగానే, అంటే మీవారికి 2026 ఆగస్టులో, ఈ-5గా ఉన్నా బేసిక్ పెరుగుతుంది, ఎనిమిదేళ్ళకు 2028లో మళ్ళీ. ఈ-5కి ఇది 12 ఏళ్ళ దగ్గర ఆగిపోతుంది, ఈ-6కి 18 దాకా సాగుతుంది. బడ్జెట్ వేసుకోవాల్సింది ఇలాంటి డబ్బుతో. అలాగే ఎల్ఈఎస్ (జీతం స్లిప్పు) తీసి సీ పే (షిప్ డ్యూటీకిచ్చే అలవెన్సు) ఎంత వస్తోందో చూడండి. షిప్ నుంచి షోర్ డ్యూటీకి మారితే అది ఆగిపోతుంది, కారు పేమెంట్ ఆగదు. సీ పే తీసేశాక మిగిలిన జీతంలో 850, దాని మీద ఫుల్ ఇన్సూరెన్స్ పడుతుందా అన్నదే అసలు ప్రశ్న.

టీఎస్‌పీ ఆపే ఆలోచన మాత్రం దయచేసి మానుకోండి. 2018 తర్వాత చేరారు కాబట్టి ఆయన బ్లెండెడ్ రిటైర్‌మెంట్ (పెన్షన్, ప్రభుత్వ వాటాతో పొదుపు రెండూ కలిసిన పద్ధతి) కిందే ఉన్నారు. ఆయన 5 శాతం వేస్తే ప్రభుత్వం 5 శాతం వేస్తుంది. అందులో 1 శాతం ఎలాగూ వస్తుంది, మిగతా 4 ఆయన వేస్తేనే వస్తుంది. ఉదాహరణకి బేసిక్ 3,600 డాలర్లనుకుందాం. ఎనిమిది నెలలు ఆపితే మీకు మిగిలేది 1,440, మీరు పోగొట్టుకునేది 1,152, పన్ను సంగతి పక్కన పెట్టినా సరే. మళ్ళీ మొదలుపెట్టినా ఆ నెలల మ్యాచింగ్ తిరిగి రాదు. కారు కోసం ఇంత ఖరీదైన డౌన్ పేమెంట్ కట్టకండి.

మీ ఉత్తరంలో లేకపోయినా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది, నాకైతే కారు కంటే ఇదే ముఖ్యం. ఈ-5గానే ఉండిపోతే హై ఇయర్ టెన్యూర్ (ఒక ర్యాంకులో ఉన్నవాళ్ళు సర్వీసులో కొనసాగగల గరిష్ఠ కాలం) ప్రకారం 16 ఏళ్ళే, అంటే 2036 దాకా. పెన్షన్‌కి 20 ఏళ్ళు కావాలి. ఈ మధ్య సడలింపులు ఇస్తున్నారు గానీ వాటి మీద కుటుంబం భవిష్యత్తు పెట్టలేం. ఈ-6 అయితే పరిమితి 22 ఏళ్ళు, పెన్షన్ దారి తెరుచుకుంటుంది. ఆ పెన్షన్ 20 ఏళ్ళకు 40 శాతం, అదీ బాగా ఎక్కువ జీతం వచ్చిన 36 నెలల సగటు మీద. ఈ-6 నుంచి చీఫ్ (ఈ-7) కావాలంటే మళ్ళీ 36 నెలలు, ఆ పైన సెలక్షన్ బోర్డు. చివరి ప్రమోషన్ పదిహేడో ఏటికల్లా వచ్చి బేసిక్ 500 పెరిగిందనుకోండి, 20 ఏళ్ళకు రిటైర్ అయితే పెన్షన్ నెలకు 200 పెరుగుతుంది. అదే ప్రమోషన్ ఏడాదిన్నర ఆలస్యమైతే పెరిగేది 100 మాత్రమే, అదీ జీవితాంతం. ఈ మెట్టు ఏడాది ముందు ఎక్కితే పై మెట్లకు గడియారం ముందే మొదలవుతుంది, ఎర్లీ ప్రమోట్ అసలు విలువ అక్కడుంది. 2026 జూలైలో వచ్చే ఎస్‌యూవీ దాని ముందు చాలా చిన్న విషయం.

కాబట్టి మీవారి టైమ్ అంతా ఇప్పుడు స్కోర్ మీద పెట్టనివ్వండి. పరీక్షకు ముందు ఆన్‌లైన్ వర్క్‌షీట్ ఒకటి వస్తుంది, అందులో టైమ్ ఇన్ రేట్ తేదీ, ఎవాల్యుయేషన్ సగటు, మెడల్స్ ఉంటాయి. ఒక్క మెడల్ ఎక్కకపోయినా పాయింట్లు పోతాయి, ఆ తేడాతో గీత కిందికి జారిపోవచ్చు. సంతకం పెట్టేముందు మీరిద్దరూ కూర్చుని వరుస వరుసా సరిచూడండి. డిగ్రీకి కూడా పాయింట్లున్నాయి, అసోసియేట్‌కి 2, బ్యాచిలర్స్‌కి 4. కాలేజీ చదివి ఉండి ట్రాన్‌స్క్రిప్ట్ పంపకపోతే ఆ పాయింట్లు సున్నా.

కారు విషయంలో నేను చెప్పేదిదీ. వచ్చే నెల నుంచే 850 డాలర్లు జీతం పడిన రోజున విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలోకి పంపండి, టీఎస్‌పీ ముట్టుకోకుండా. జూలై దాకా టెన్షన్ లేకుండా నడిచిందా, ఆ డబ్బే మీ డౌన్ పేమెంట్, ఈ-5 జీతంతోనే కారు కొనుక్కోండి, ప్రమోషన్ వస్తే అప్పు ముందుగా తీర్చేయండి. మూడో నెలకే చేతులెత్తేస్తే 550, 600 డాలర్ల పేమెంట్ ఉండే బండి చూసుకోండి. డీలర్ దగ్గరికి వెళ్ళేముందు కమాండ్‌లో ఉండే ఫైనాన్షియల్ స్పెషలిస్ట్‌కి కాగితాలు చూపించండి, ఆ సాయం ఉచితం.