కాలువ సంగతి తర్వాత, ముందు ఆ రోడ్డు ఎవరిదో కనుక్కోండి

మీ వీధి చివర మురుగు నిలిచిపోతోంది. సర్పంచ్‌ని అడిగితే ఎంపీడీవోని (మండల పరిషత్ అభివృద్ధి అధికారి) కలవమన్నారు, అక్కడికి వెళ్తే తహసీల్దార్ పేరు చెప్పారు, ఊళ్ళో వాళ్ళేమో ఎమ్మెల్యేని పట్టుకోమంటున్నారు. అసలు వీళ్ళలో ఎవరి పని ఏది అని మీ ప్రశ్న. ఇదే తిరుగుడు నేనూ తిరిగాను, అదీ వార్డు మెంబరుగా ఉంటూ. అందుకే రాస్తున్నాను.

మాది కృష్ణా డెల్టాలో ఒక ఊరు. 2013 పంచాయతీ ఎన్నికల్లో మా వార్డు మహిళలకు రిజర్వు అయితే నిలబడి పదకొండు ఓట్లతో బయటపడ్డాను. మొదటి ఏడాదంతా ఏ ఆఫీసుకి వెళ్ళినా "మీ వారు రాలేదా అమ్మా?" అనేవాళ్ళు. ఆయనకి పొలం పని ఉందనీ, మెంబర్ని నేనేననీ చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది.

మా వార్డు సమస్య కూడా మురుగే. మా సిమెంటు రోడ్డు పక్క కాలువ ఊరి మెయిన్ రోడ్డు దాకా వచ్చి ఆగిపోయేది. రోడ్డు కింద తూము ఉంది కానీ చిన్నది, పైగా పూడిపోయింది. నీళ్ళు ఆ తూములోంచి అవతలికి వెళ్ళి, ఓ ఖాళీ జాగా దాటి, పెద్ద మురుగు డ్రెయిన్‌లో కలవాలి. మొత్తం కలిపి అరవై అడుగుల దూరం కూడా ఉండదు. ఆ కాస్త దూరంలో నలుగురు యజమానులున్నారని నాకు తెలియడానికి నాలుగు నెలలు పట్టింది.

వీధి కాలువ పంచాయతీది. మెయిన్ రోడ్డూ, దాని కింది తూమూ ఆర్ అండ్ బీ, అంటే రోడ్లు భవనాల శాఖ వాళ్ళవి. రోడ్డుకి అవతలి ఖాళీ జాగా పోరంబోకు, అంటే ప్రభుత్వ భూమి, దాని లెక్కలు రెవెన్యూ వాళ్ళ దగ్గర ఉంటాయి. చివర్న ఉన్న డ్రెయిన్ నీటిపారుదల శాఖది. సర్పంచ్ నిజంగానే ఏమీ చేయలేకపోయారు. పంచాయతీ డబ్బుతో వేరే శాఖ రోడ్డు తవ్వకూడదు కదా. అప్పట్లో ఆయన మీద నాకు భలే కోపంగా ఉండేది.

మనందరికీ గందరగోళం ఎక్కడొస్తుందంటే, ఊరి నుంచి జిల్లా దాకా పాలన ఒకే వరసలో ఉందనుకుంటాం. ఉన్నవి రెండు వరసలు. ఒకటి రెవెన్యూ: ఊళ్ళో వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి), మండలంలో తహసీల్దార్, డివిజన్‌లో ఆర్డీవో, పైన కలెక్టర్. భూమి, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, రేషన్ కార్డు వ్యవహారాలు వీళ్ళవి. రెండోది పంచాయతీరాజ్: పంచాయతీ కార్యదర్శి, ఎంపీడీవో, జిల్లాకి వెళ్తే డీపీవో (జిల్లా పంచాయతీ అధికారి), జిల్లా పరిషత్ సీఈవో. వీధి దీపాలు, మంచినీళ్ళు, పారిశుధ్యం, ఇంటి పన్ను, జనన మరణాల నమోదు, ఇల్లు కట్టుకోవడానికి ప్లాను అనుమతి ఇటువైపు. రెండు వరసల మీదా చూపు ఉండేది కలెక్టర్‌కే. 1985లో ఎన్టీఆర్ హయాంలో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, తర్వాత సమితుల స్థానంలో మండల పరిషత్తులు వచ్చాయి. అప్పట్నుంచీ రెండు ఆఫీసులూ ఒకే ఊళ్ళో ఉండటంతో జనానికి రెండూ ఒకటే అయిపోయాయి. మా అత్తగారు మాత్రం ఎంపీడీవో ఆఫీసుని ఇప్పటికీ సమితి ఆఫీసనే అంటారు. ఒక రకంగా ఆవిడకే స్పష్టత ఎక్కువ.

ఆంధ్రలో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాక ఈ తికమక ఇంకాస్త పెరిగింది. కార్యదర్శి, వీఆర్వో, సర్వేయరు, ఇంజనీరింగ్ అసిస్టెంటు ఒకే కప్పు కింద కూర్చుంటారు. ఎవరి పైఅధికారి వాళ్ళకి వేరు. వీఆర్వో టేబుల్ మీద కాలువ అర్జీ పెట్టి, ఆరు నెలలు ఎదురుచూసినవాళ్ళు నాకు తెలుసు. తెలంగాణలో అయితే 2020లో వీఆర్వో వ్యవస్థనే రద్దు చేశారు, మీది అటువైపైతే అది గుర్తుపెట్టుకోండి.

గెలిచినవాళ్ళ సంగతి వేరు. సర్పంచ్‌ని మనం నేరుగా ఎన్నుకుంటాం, పార్టీ గుర్తు ఉండదు (అంటే బ్యాలెట్ మీద ఉండదు, ఊళ్ళో అందరికీ తెలుసు). మండల పరిషత్‌కి వెళ్ళే ఎంపీటీసీలు, జిల్లా పరిషత్‌కి వెళ్ళే జడ్పీటీసీలు పార్టీ గుర్తుల మీదే గెలుస్తారు. ఎంపీటీసీలంతా కలిసి ఎంపీపీని (మండల పరిషత్ అధ్యక్షుణ్ణి), జడ్పీటీసీలంతా కలిసి జిల్లా పరిషత్ చైర్మన్ని ఎన్నుకుంటారు. ఎంపీపీ సర్పంచ్‌కి బాస్ కాదు. ఎమ్మెల్యే కూడా కాదు. ఎమ్మెల్యే రాజ్యాంగబద్ధమైన పని అసెంబ్లీలో చట్టాలు చేయడం, బడ్జెట్ మీద ఓటెయ్యడం, మంత్రుల్ని ప్రశ్నించడం. కాలువ తవ్వించమని ఏ చట్టంలోనూ లేదు. కానీ ఆయన ఫోన్ చేస్తే ఫైలు కదులుతుంది, అదీ నిజమే. అది పద్ధతి అని నేను చెప్పను, లేదని కూడా చెప్పలేను.

1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. ఐదేళ్ళకోసారి ఎన్నికలు, గ్రామసభ, రాష్ట్ర ఎన్నికల సంఘం అన్నీ అందులోవే. పంచాయతీలకు ఇవ్వదగ్గవి అని 29 అంశాల జాబితా కూడా పెట్టారు. అయితే వాటిలో ఏవి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి అన్నది రాష్ట్రం ఇష్టం. చిక్కంతా అక్కడే ఉంది. మీ ఊరి బడి బోర్డు చూడండి, "మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల" అని ఉంటుంది. టీచర్ల జీతాలూ బదిలీలూ మాత్రం రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంటాయి. వీధి దీపమూ అంతే, స్తంభం కరెంటు కంపెనీది, బల్బూ బిల్లూ పంచాయతీవి. పోలీసు సంగతి సరేసరి, ఎస్సై ఈ రెండు వరసల్లో దేనిలోనూ ఉండడు. మీది మునిసిపాలిటీ అయితే వార్డు కౌన్సిలరు, కమిషనర్ ఉంటారు, చట్టం కూడా వేరు.

ఇక డబ్బు. ఇంటి పన్నుతో మా పంచాయతీకి పారిశుధ్య కార్మికుల జీతాలు వెళ్ళడమే గగనంగా ఉండేది. 2015 నుంచి కేంద్రం ఇచ్చే 14వ ఆర్థిక సంఘం నిధులు నేరుగా గ్రామ పంచాయతీలకే వచ్చాయి, మండలానికీ జిల్లాకీ వాటా లేదు. మా ఎంపీటీసీ "నాకు కుర్చీ తప్ప ఇంకేమీ లేదమ్మా" అని నవ్వేవాడు. 15వ ఆర్థిక సంఘం మూడంచెలకీ ఇచ్చింది కానీ, 2021-26 కాలానికి అందులో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికీ ముడిపెట్టింది. మురుగు పని ఆ పద్దులోకే వస్తుంది కాబట్టి, డబ్బు లేదనే మాట వెంటనే నమ్మకండి. పద్దు చూపించమని అడగండి.

మా పని ఎలా అయిందంటే, ముందు పంచాయతీలో తీర్మానం చేయించాను. ఆ తీర్మానం కాపీ జతచేసి రోడ్డు వాళ్ళకొకటి, డ్రెయిన్ వాళ్ళకొకటి, పోరంబోకు కొలవమని తహసీల్దార్‌కి ఒకటి, మూడు అర్జీలు వేరువేరుగా ఇచ్చి, మూడింటికీ రసీదులు తీసుకున్నాను. అంతకుముందు నోటిమాటగా అడిగినప్పుడు ఎవరూ కదల్లేదు, తీర్మానం నంబరు కనిపించేసరికి ఫైలు తెరిచారు. సర్వేయరు కొలిస్తే ఆ జాగాలో మా సొంత చిన్నమామగారి గడ్డివామే అడ్డం ఉంది! ఆ వాము తీయించడానికి మూడు నెలలు, మా ఇంట్లో మాటల్లేని పండగ ఒకటి. తూము రోడ్డు వాళ్ళు మార్చారు, కాలువ పంచాయతీ డబ్బుతో పొడిగించాం. మొత్తం పద్నాలుగు నెలలు పట్టింది. కొబ్బరికాయ ఎవరు కొట్టారో మీరు ఊహించగలరు.

మీరు ముందు చేయాల్సింది, మీ కాలువ ఏ రోడ్డు దగ్గర ఆగుతోందో ఆ రోడ్డు మీద కిలోమీటరు రాయి వెతకడం. రాయి తల పసుపైతే జాతీయ రహదారి, ఆకుపచ్చయితే రాష్ట్ర రహదారి, నారింజ అయితే గ్రామీణ సడక్ యోజన కింద వేసిన రోడ్డు. రాయి లేకపోతే ఎంపీడీవో ఆఫీసులో పంచాయతీరాజ్ ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరు) అడగండి, ఆయన దగ్గర రోడ్ల జాబితా ఉంటుంది. చెప్పకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, మండల ఆఫీసుకైతే ఫీజు ఐదు రూపాయలే. రంగేదో, నీళ్ళు చివరికి ఎక్కడ కలవాలో ఇక్కడే రాయండి, అర్జీ ఎవరి పేరున పెట్టాలో చెప్తాను.