మీ గల్లీ మనుషులు స్టేజీ మీద పాడాలంటే

బిడ్డా,

నువ్వు పంపిన సంగీత నాటకం చదివాను. ఫోన్‌లో పాడి పంపిన ట్యూన్లూ విన్నాను. సీతాఫల్‌మండిలో నువ్వు పెరిగిన గల్లీ అంతా అందులో ఉంది. స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్ గల్లా మీద కూర్చునే చాచా, ఇస్త్రీ బండి ఆవిడ, రిటైరైన రైల్వే గార్డు, గ్రూప్స్‌కి చదువుతున్న హాస్టల్ కుర్రాడు, పాత సామాను కొనే ఆటో అతను. సంగీత నాటకం అనగానే మనవాళ్లు పురాణాల వైపు పోతారు, లేకపోతే సినిమా పాటల వైపు పోతారు. నువ్వు ఇంటి ముందు తిరిగే మనుషుల్ని తీసుకున్నావు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఏళ్ల తరబడి నాటకాలకు హార్మోనియం వాయించినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది నీకు చెబుతాను. కొన్ని నచ్చకపోవచ్చు, అయినా విను.

ముందు అసలు విషయం. గార్డు పాట నిలబడింది. ఇస్త్రీ ఆవిడ పాట నిలబడలేదు. ఆవిడ పాటలోనే నిజం ఎక్కువ ఉంది, ఆమె నీతో అన్న మాటలే దాదాపు అలాగే పెట్టావు. బొగ్గుల ధర, ఇళ్లలోకి కరెంటు ఇస్త్రీ పెట్టెలు వచ్చి గిరాకీ తగ్గడం, కొడుకు కాలేజీ ఫీజు. అయితే ఇవన్నీ ఆమె బట్టలు తెచ్చిన ప్రతివాళ్లతో రోజూ చెప్పే మాటలే. హాయిగా మాట్లాడి చెప్పగలిగినదాన్ని పాడాల్సిన అవసరం ఏముంది? గార్డు సంగతి చూడు. రైలు కదిలేటప్పుడు డ్రైవరూ గార్డూ ఒకరికొకరు ‘ఆల్‌రైట్’ సిగ్నల్ చూపించుకుంటారు. సర్వీసంతా ఆ అలవాటులో బతికినవాడు గనుక నీ గార్డు ప్రతిదానికీ ఆల్‌రైట్ అంటాడు. భార్యను ఆస్పత్రిలో చేర్చిన రాత్రి పక్కింటివాళ్లు ఎలా ఉందని అడిగితే ఆ ఒక్క మాట నోట్లోంచి రాదు. పాట అక్కడ మొదలైంది. అందుకే అది వినగానే నాకు గొంతు పట్టేసింది.

కాబట్టి మీ గల్లీలో ఎవరు బాగా మాట్లాడతారో వెతకడం ఆపెయ్. వాళ్లు ఎక్కడ మాట ఆపేస్తారో చూడు. ఇస్త్రీ ఆవిడ గురించి నువ్వే ఒకచోట రంగసూచనలో రాశావు, పెళ్లి పట్టుచీర వచ్చినప్పుడు పైన పల్చటి గుడ్డ పరిచి, చీర అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడదని. పాట అదే! దాన్ని బ్రాకెట్‌లో పడేసి బొగ్గుల ధర మీద రెండు చరణాలు రాశావు.

ఆమె ఎందుకు మాట్లాడదో వెళ్లి అడగకు. ఆ కారణం నువ్వే కల్పించాలి. ఈ ఉత్తరం మొత్తంలో నేను గట్టిగా చెప్పదలిచింది ఇదొక్కటే. పైకి కనిపించేది ఆ మనిషి దగ్గర తీసుకో: చేతి కదలిక, మాట తీరు, నిలబడే పద్ధతి. లోపలిది నీ సొంతంగా పుట్టించు. ఇలా చేస్తే పాత్రకు ప్రాణం వస్తుంది, ఆమె గుట్టు ఆమె దగ్గరే ఉంటుంది. ఒకవేళ ఆమె నిన్ను నమ్మి అసలు కారణం చెప్పిందనుకో, ఇక ఆ కారణం నాటకంలోకి రాకూడదు. అప్పుడు ఇంకో కారణం వెతుక్కోవాలి.

ఈ పద్ధతి నా సొంతం కాదు. న్యూయార్క్‌లో లిన్-మాన్యుయెల్ మిరాండా అనే రచయిత తన పేట పక్కనున్న వాషింగ్టన్ హైట్స్ మనుషుల మీద ‘ఇన్ ద హైట్స్’ అనే సంగీత నాటకం రాశాడు. అందులో అందరూ అవ్వా అని పిలిచే ఒక పెద్దావిడ ఉంటుంది, ఆమెకూ కథానాయకుడికీ రక్తసంబంధం లేదు. మిరాండా వాళ్ల నాన్నను పోర్టోరికోలో పెంచి, తర్వాత ఇతన్నీ చూసుకున్న ఒక పెద్దావిడ ఆ పాత్రకు ఆధారం. కానీ స్టేజీ మీది అవ్వ క్యూబా నుంచి చిన్నప్పుడు అమ్మతో వలస వచ్చిన మనిషి. అవ్వ మీద ఇంటివాళ్లకున్న ప్రేమ అలాగే ఉంది, ఆమె జీవితకథ మాత్రం వేరే. 1999లో కాలేజీలో ఉండగా మొదలుపెట్టిన ఆ నాటకం న్యూయార్క్ పెద్ద నాటకశాలలుండే బ్రాడ్‌వే చేరింది 2008లో. మన గురజాడ కూడా 1892లో ఆడించిన కన్యాశుల్కాన్ని 1897లో అచ్చువేసి, 1909లో దాదాపు కొత్తగా రాశాడు. డిసెంబరుకల్లా ప్రదర్శన అని నువ్వు పెట్టుకున్న టెన్షన్ ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఇక సంగీతం సంగతి.

మనిషి చేసే పనిలో ఒక నడక ఉంటుంది, తాళం అక్కడ పట్టుకో. ఇస్త్రీ పెట్టె ముందుకు పోయేటప్పుడు నిదానం, వెనక్కి వచ్చేటప్పుడు కాస్త వేగం. నాలుగు ముందుకు, మూడు వెనక్కి వేసి చూడు, ఏడు మాత్రల మిశ్రగతి దానంతట అదే వస్తుంది. గురజాడ ముత్యాల సరాలూ మూడు, నాలుగు మాత్రల నడకే. నువ్వు ఆవిడకు నాలుగు మాత్రల చతురస్రంలో హుషారు ట్యూన్ కట్టావు. బాగుంది గానీ ఆ చెయ్యి అలా కదలదు. గార్డుకు మాత్రం రైలు చప్పుడు తాళం వద్దు, అందరికీ ముందు తోచేది అదే. గార్డు చివరి పెట్టెలో నిలబడి, వెనక్కి జరిగిపోయే స్టేషన్లను చూస్తూ బతికిన మనిషి. ఆ పాటకు తాళమే లేకుండా ఆలాపనలా మొదలుపెట్టి, పల్లవి రెండోసారి వచ్చినప్పుడు తబలా కలుపు. ఇంకో చిన్న సంగతి. 2022 జనవరిలో రైల్వేవాళ్లు గార్డు అనే హోదాను ‘ట్రైన్ మేనేజర్’గా మార్చారు. నీ పాత్ర అంతకుముందే రిటైరయ్యాడు. పక్కింటి కుర్రాడు కొత్త పేరుతో పిలిస్తే ఆయన ఏమంటాడో ఒక సీన్ రాయొచ్చు.

బోనాల సీన్‌లో తీన్‌మార్ పెట్టావు. తప్పకుండా ఉండాలి. లష్కర్ బోనాలప్పుడు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి నుంచి మీ గల్లీ దాకా వినపడేది ఆ దెబ్బే. అయితే నాటకం మొత్తంలో ఒక్కసారే వాడు. డప్పు మోగితే జనం కాళ్లు కదులుతాయి, మాటలు వినరు. నువ్వు ఆ దరువు మీదే హాస్టల్ కుర్రాడి చేత ఇంటికి రాసే ఉత్తరం పాడించావు. అందులో ఒక్క ముక్క కూడా ప్రేక్షకుడికి చేరదు. దరువు సగంలో తెగ్గొట్టు, కుర్రాణ్ణి ఒంటరిగా నిలబెట్టు, అప్పుడు పాడించు.

మాట వినపడటం గురించి ఇంకొంచెం చెప్పాలి. మన పద్యనాటకంలో నటుడు రాగం తీస్తే జనం వన్స్‌మోర్ అంటారు, పద్యం అప్పటికే వాళ్లకు నోటికి వచ్చి ఉంటుంది గనుక మాట తెలియకపోయినా నష్టం లేదు. నీ పాటలు ఎవరికీ తెలియవు. మొదటి పాదం కింద వాద్యాలు బాగా తగ్గించు. పై స్థాయికి తీసుకెళ్లే చోట పాదం ‘ఆ’, ‘అ’, ‘ఓ’ లతో ముగిసేలా చూడు, ‘ఈ’, ‘ఊ’ లైతే గొంతు బిగుసుకుంటుంది. ఇక్కడ మీ గల్లీ భాష నీకు ఎంత సాయం చేస్తుందో గమనించావా? ‘వచ్చాను’, ‘మరిచాను’ అని రాస్తే చివర మూసుకుపోతుంది. ‘వచ్చిన’, ‘మరిచిన’ అంటే నోరు తెరిచే ఉంటుంది, ఎంతసేపైనా సాగుతుంది. ఇస్త్రీ ఆవిడకు అసలు భాష పక్కనపెట్టి పుస్తకం భాషలో పాట రాశావు. మాట్లాడేటప్పుడు తెలంగాణ మాట, పాడేటప్పుడు వేరే మాట ఎందుకు? ఎన్నో ఏళ్లు మన సినిమాల్లో ఈ యాసను రౌడీలకూ కామెడీకీ ఇచ్చారు. నీ నాటకంలో అన్నింటికంటే మెత్తని పాట ఈ యాసలో ఉండాలని నా కోరిక. చాచా మాట్లాడే దక్కనీ ఉర్దూని కూడా అలాగే ఉంచు, పక్కన ఎవరో తెలుగులో అర్థం చెప్పే డైలాగులు కొట్టెయ్. హైదరాబాద్ జనానికి ‘నక్కో’ అంటే అర్థం చెప్పాలా?

నాకు అందరికంటే నచ్చింది పాత సామాను ఆటో అతను. నువ్వు అతన్ని నవ్వుకోసం పెట్టావు, అతనిలో పెద్ద పాట ఉంది. పూర్వం ఇనప సామాను కొనేవాళ్లు గొంతెత్తి అరుచుకుంటూ వచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ అరుపు ముందే రికార్డు చేసి మైకులో పెడుతున్నారు. మనిషి నోరు మెదపకుండా ఆటో నడుపుతుంటాడు, ముందు మైకు అరుస్తుంటుంది. ఒకరోజు ఆ మైకు పాడైపోతే? అతను తన సొంత గొంతుతో మొదటిసారి గల్లీలో అరవాల్సి వస్తే? ఆ అరుపు ఎక్కడ పాటగా మారుతుందో నువ్వు కనిపెట్టు. ఇంటర్వెల్ ముందు ఇదే ఉండాలి.

అందరూ కలిసి పాడే పాట కూడా ఒకటి కావాలి. బోనాల సీన్ అందుకు పనికిరాదు, పండగలో అందరూ ఒకేలా ఉంటారు. నల్లా వచ్చే టైమ్ పెట్టు. రోజు విడిచి రోజు నీళ్లు, పొద్దున్నే బిందెలు, ఒకరికి ఆఫీసు తొందర, ఒకరికి మోటారు పెట్టిన పక్కింటివాళ్ల మీద కోపం, కుర్రాడికి నిద్ర. ఒక్కొక్కరిదీ వాళ్ల పాట నడకే, ఒకదాని మీద ఒకటి పేర్చు. నీళ్లు ఆగిపోయినప్పుడు పాట కూడా ఎక్కడిదక్కడ ఆగాలి.

ఇక ఆనవాళ్ల సంగతి. పేరు మారిస్తే చాలనుకున్నావు, చాలదు. గల్లీవాళ్లు నాటకం చూసి ఫలానా ఆమే అని గుర్తుపట్టేది పేరును బట్టి కాదు, ఎంతమంది పిల్లలు, ఏ రోగం, ఏ కూతురు పుట్టింట్లో ఉంది, వీటిని బట్టి. ఇవన్నీ మార్చు. కులం ఏదో తెలిసిపోయే మాటలు అవసరమైతే తప్ప పెట్టకు. ఇద్దరు మనుషుల్ని కలిపి ఒక పాత్ర చేయొచ్చు, అలా చేసినప్పుడు ఒకరి రూపం, ఒకరి ఆశ తీసుకో. ఇద్దరి ఆశలూ ఒకే పాత్రలో పెడితే అది ఎటూ నడవదు. చాచా విషయంలో నీకు జరిగింది అదే. హోటల్ అమ్మాలా వద్దా అనే బాధ ఉంది, తమ్ముడితో మాటలు లేవన్న బాధ కూడా ఉంది. ఒకటి తీసెయ్.

పబ్లిక్ రికార్డుల్లో ఉన్నది తప్ప ఒకరి సొంత జీవితం గురించి వాళ్ల అనుమతి లేకుండా రాయకూడదని సుప్రీంకోర్టు 1994లో రాజగోపాల్ కేసులోనే చెప్పింది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కని తీర్పిచ్చారు. నువ్వు కోర్టుకు భయపడి చేయాలని నేను ఇది చెప్పడం లేదు. రేపు పొద్దున కూడా నువ్వు అదే బండి దగ్గరికి బట్టలు పట్టుకెళ్లాలి. పాట పూర్తయ్యాక ఆమెకు పాడి వినిపించు. ముందే ‘నీ మీద నాటకం రాస్తున్నా’ అని చెబితే ఆ రోజు నుంచి ఆమె నీ ముందు మామూలుగా ఉండలేదు. విన్నాక వద్దంటే తీసెయ్, బతిమాలకు. మాట్లాడుతుండగా ఫోన్‌లో దొంగతనంగా రికార్డు చేయడం మాత్రం ఈ రోజు నుంచే మానెయ్. ఇంటికొచ్చి గుర్తున్నంత రాసుకో. మరిచిపోయింది పాటకు అక్కర్లేనిదే.

ఇంకొకటి ఆలోచించు. నీకు ఆమె ఇస్త్రీ బండి ఆవిడ. ఆమెకు నువ్వు మూడో అంతస్తు అమ్మాయివి. ఆమె చెప్పిన మాటలన్నీ గిరాకీకి చెప్పిన మాటలు. ఆ మూడో అంతస్తు అమ్మాయి నాటకంలో ఎక్కడా లేదు, అందుకే అందరూ గాలిలోకి చూస్తూ మాట్లాడుతున్నట్టు ఉంది. ఆ అమ్మాయిని తీసుకురా. పాట ఇవ్వకపోయినా పర్వాలేదు, వినే మనిషిగా ఉంటే చాలు.

వీలు చూసుకుని లింగంపల్లి వెళ్లి సురభి వాళ్ల నాటకం చూడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబాలవి. మాయలు, సెట్టింగులు చూడటానికి కాదు, నటుడు కదులుతూ పాడేటప్పుడు హార్మోనియం అతని ఊపిరిని ఎలా కాచుకుంటుందో చూడు. మొదటి ప్రదర్శనకు రవీంద్రభారతి అడగకు. 1961లో కట్టిన ఆ హాలు పెద్దది, నీ పాటల్లో దగ్గరగా కూర్చుని వినాల్సినవే ఎక్కువ. బంజారాహిల్స్‌లో లామకాన్ లాంటి చిన్న వేదిక మీద ఒక హార్మోనియం, ఒక డప్పుతో చదివి వినిపించు. జనం ఎక్కడ కుర్చీలో కదులుతున్నారో రాసుకో.

పట్టుచీర పాట మొదటి చరణం రాయగానే పంపు. ఇస్త్రీ ఆవిడగా వేసే అమ్మాయి గొంతు ఏ శ్రుతిలో ఉందో కూడా చెప్పు, ఐదున్నర దాటితే నేను ట్యూన్ కిందికి దించాలి. హార్మోనియం వాయించడానికి నేనే వస్తాను, రిహార్సల్ ఎప్పుడో అమ్మతో చెప్పించు.

మీ మామ