ఎస్‌ఎంపీఎస్ దగ్గర "ఏదో ఒకటి" అని రాయకురా

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "వీడు కంప్యూటర్ తనే బిగించుకుంటాడట, వాళ్ల నాన్న వద్దంటే వద్దంటున్నారు, నువ్వైనా కాస్త చెప్పు" అంది. చెప్పాల్సింది నీకో మీ నాన్నకో తను అనలేదు. ముందు నీకు రాస్తున్నాను, తర్వాత ఆయనతో మాట్లాడతాను.

టెన్త్ పిల్లలకు లెక్కలు చెప్పి 60 వేలు కూడబెట్టావని విని నా గుండె నిండింది. నీ వయసులో మా చేతికొచ్చిన డబ్బు ఏ పూటకాపూట అయిపోయేది. నువ్వు రాసుకున్న పార్టుల లిస్టు కూడా అమ్మ ఫొటో తీసి పంపింది. ఇన్నేళ్లుగా సికింద్రాబాద్ పార్క్‌లేన్ కంప్యూటర్ షాపుల్లో కూర్చుని ఇలాంటి లిస్టులు చూస్తూనే ఉన్నాను. డబ్బున్నవాళ్లు కూడా ఇంత ఆలోచించి రాయరు. రైజెన్ 5 5600 ప్రాసెసర్, దానికి తోడు ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు. ఈ బడ్జెట్‌లో ఫుల్ హెచ్‌డీలో (1080పీ) ఆడుకోవడానికి నేను కూర్చుని రాసినా ఇదే రాసేవాణ్ని.

కానీ చివరి వరుస చూశాక నిద్ర పట్టలేదు. "ఎస్‌ఎంపీఎస్: ఏదో ఒకటి, 500 వాట్స్" అని రాశావు. అదీ ఆరు ఫ్యాన్ల, రంగురంగుల లైట్ల ఆర్‌జీబీ కేబినెట్ కింద! లైట్లకు పేరూ మోడలూ రాసి, మొత్తం మిషన్‌కు కరెంటు పోసే ఎస్‌ఎంపీఎస్ డబ్బాకు "ఏదో ఒకటి"నా?

నీకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. మీ నాన్న వద్దంటున్నది నీ చదువు పాడవుతుందని కాదు.

2008లో, నువ్వు పుట్టిన ఏడాది, మీ నాన్న కూడా గేమింగ్ కంప్యూటర్ కొన్నాడు. అవును, మీ నాన్నే. కార్ రేసులంటే ప్రాణం ఆయనకు. కోర్ 2 డుయో ప్రాసెసర్, జీఫోర్స్ 9800 జీటీ కార్డు. అప్పట్లో అది మామూలు కార్డు కాదు. నేను కొత్తగా పార్క్‌లేన్‌లో పనికి చేరాను. ఫోన్లో చెప్పాను, "అన్నయ్యా, ఎస్‌ఎంపీఎస్ విడిగా తీసుకో, కేబినెట్‌తో వచ్చేది నమ్మొద్దు" అని. "కేబినెట్‌లో ఫ్రీగా వస్తుంటే మళ్లీ రెండు వేలు ఎందుకురా, ఆ డబ్బు పెడితే ఇంకో మెట్టు పెద్ద కార్డు వస్తుంది" అన్నాడు. అక్కడే ఊళ్లో ఒక షాపులో బిగించారు. కార్డుకు ఆరు పిన్నుల పవర్ కేబుల్ కావాలి. ఆ ఎస్‌ఎంపీఎస్‌కు అసలు ఆ కేబులే లేదు. హార్డ్ డిస్కులకిచ్చే రెండు తెల్ల కనెక్టర్లను కలిపే కన్వర్టర్ పెట్టి పని కానిచ్చారు.

కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత ఆట మధ్యలో దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. వైరస్ అనుకుని విండోస్ మళ్లీ ఎక్కించాడు. ర్యామ్ తీసి తుడిచి పెట్టాడు. ఎస్‌ఎంపీఎస్ మీదికి ఎవరి అనుమానమూ పోలేదు, ఎందుకంటే దాని మీద 450 వాట్స్ అని పెద్ద అక్షరాలతో ఉంది.

మరుసటి ఏడాది మే నెల. కోతలు ఎక్కువ. ఓ మధ్యాహ్నం పోయిన కరెంటు తిరిగొచ్చి, మీ నాన్న కంప్యూటర్ ఆన్ చేయగానే టప్‌మని శబ్దం, గదంతా కాలిన వాసన. మీ అమ్మ నిన్ను చంకనేసుకుని వీధిలోకి పరిగెత్తింది. మంట లేవలేదు, అది మన అదృష్టం. ఆ ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ లోపలున్న వాటన్నిటి మీదికీ వోల్టేజి వదిలేసింది. మదర్‌బోర్డు, కార్డు, హార్డ్ డిస్కు, మూడూ పోయాయి.

ఆ హార్డ్ డిస్కులో నీ అన్నప్రాసన ఫొటోలున్నాయి. నువ్వు మొదటిసారి బోర్లా పడ్డది, గోడ పట్టుకుని నిలబడ్డది, మీ తాతయ్య ఒళ్లో ఉన్నది, అన్నీ అందులోనే. కెమెరా కార్డు ఖాళీ చేసి కంప్యూటర్‌లో వేసి, అక్కడ భద్రంగా ఉంటాయనుకున్నాడు. ఆ డిస్కు హైదరాబాద్ తెప్పించి రికవరీ వాళ్లకిచ్చాను. చేతులెత్తేశారు. తాతయ్య ఆ తర్వాత ఎక్కువ కాలం లేడు. మీ ఇంట్లో నీ మొదటి ఏడాది ఫొటోలు ఎందుకు లేవని నువ్వు ఎప్పుడైనా అడిగితే మీ నాన్న మాట మార్చేసి ఉంటాడు. ఆయన్ని ఆ ఒక్క విషయంలో ఏమీ అనకు.

ఆ ఎస్‌ఎంపీఎస్‌ను నేనే విప్పాను. పక్కనున్న లేబుల్ మీద 12 వోల్టుల గడిలో 14 ఆంపియర్లు అని ఉంది. లెక్క నువ్వే కట్టు: 12ని 14తో గుణిస్తే 168 వాట్లు. ప్రాసెసర్‌కు 65, ఆ కార్డుకు 105, అక్కడికే 170. హార్డ్ డిస్కు, ఫ్యాన్లు ఇంకా లెక్కలోకే రాలేదు. పైన రాసిన 450 అనేది 3.3, 5 వోల్టుల లైన్లను కూడా కలిపి, ఇష్టమొచ్చినట్టు పెంచి వేసిన అంకె. నేటి కంప్యూటర్ దాదాపు మొత్తం 12 వోల్టుల మీదే బతుకుతుంది.

అందుకే షాపులో డబ్బా మీద అంకె చూడకు, లేబుల్ చూడు. మంచి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో 12 వోల్టుల దగ్గర 45 ఆంపియర్లకు అటూ ఇటూగా ఉంటుంది, అంటే దాదాపు మొత్తం వాటేజీ అక్కడే ఇస్తుంది. నీ 5600 నిండు పనిలో 76 వాట్లు, 6600 కార్డు 132, మిగతావన్నీ కలిపినా 300 దాటవు. 550 హాయిగా సరిపోతుంది, రేపు కార్డు మార్చినా పనికొస్తుంది. 80 ప్లస్ బ్రాంజ్ ఉన్నది తీసుకో, కానీ ఆ గుర్తు ఒక్కటే చూసి మురిసిపోకు. అది కరెంటు ఎంత వృథా పోదో చెప్తుంది, పాడైనప్పుడు నీ బోర్డును కాపాడుతుందో లేదో చెప్పదు. ఓవర్ వోల్టేజ్, ఓవర్ కరెంట్, షార్ట్ సర్క్యూట్ ప్రొటెక్షన్లు మూడూ రాసి ఉన్నాయా, ఐదేళ్ల వారంటీ ఉందా, ఇవి అడుగు. కార్డుకు పోయే ఎనిమిది పిన్నుల కేబుల్ దానితోపాటే రావాలి. కన్వర్టర్ ఇస్తామంటే ఆ షాపులోంచి బయటికి వచ్చెయ్.

ఇక ఇల్లు. మీ పైగది వైరింగ్ తాతయ్య నాటిది. కంప్యూటర్ కొనకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి సాకెట్లో ఎర్తింగ్ చూపించు. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230 వోల్టుల చుట్టుపక్కల రావాలి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. అక్కడ మరీ సున్నా చూపిస్తే ఊరుకోకు, సాకెట్ విప్పించు. ఎర్త్ వైరు లాగే ఓపిక లేక న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు కలిపేసేవాళ్లను నేను చాలామందిని చూశాను. ఎప్పుడో న్యూట్రల్ తెగిందంటే నీ కేబినెట్ ఇనుమంతా కరెంటే. వట్టి కాళ్లతో కూర్చుని ఆడుకుంటావు కదరా నువ్వు! కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటే అది మామూలే అని ఎవడైనా అంటే నమ్మకు. గొయ్యి తవ్వించి, బొగ్గూ ఉప్పూ వేసి కొత్త ఎర్తింగ్ పెట్టించాల్సి వస్తే ఆ ఖర్చు నాది, నీ 60 వేలలోంచి తియ్యకు.

యూపీఎస్ కూడా ఉండాలి. 600 వీఏది సాధారణంగా 360 వాట్లే మోస్తుంది, మానిటర్‌తో కలిపితే అంచున నడుస్తుంది. 1000 వీఏ తీసుకో. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మాత్రం పెట్టొద్దు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను, వాటిలో నీకు నా అవసరం పెద్దగా లేదు.

ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్ అని రాశావు. రెండు 8లు తీసుకో. డ్యూయల్ ఛానెల్‌లో రైజెన్ నడక వేరు. తర్వాత బోర్డు సెట్టింగులుండే బయాస్‌లోకి వెళ్లి, ర్యామ్‌ను దాని అసలు వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చెయ్యి, లేకపోతే 3200 స్టిక్కులు 2400 దగ్గరో 2666 దగ్గరో నడుస్తూ ఉంటాయి, నీకు తెలియను కూడా తెలియదు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోయాయి. డీడీఆర్5 ర్యామ్ తప్ప వేరేది పట్టని ఏఎం5 ప్రాసెసర్ సాకెట్ వైపు వెళ్లకుండా పాత ఏఎం4లోనే ఉండటం నువ్వు చేసిన మంచి పని.

5600కు లోపల గ్రాఫిక్స్ లేవు. కార్డు తర్వాత కొందాంలే అనుకుంటే స్క్రీన్ మీద ఏమీ రాదు. రెండూ ఒకేసారి కొను. పాత స్టాకులోని బీ450 బోర్డు ఇస్తే బయాస్ అప్‌డేట్ చేయించి, అక్కడే నీ ప్రాసెసర్‌తో ఆన్ చేసి చూపించమను.

ఎస్‌ఎస్‌డీ 512 వద్దు, ఒక టీబీ. ఒక్కో ఆట వంద జీబీ దాటుతోంది. ఆర్‌జీబీ కేబినెట్ తీసేసి ముందువైపు జాలీ ఉన్న మామూలుది తీసుకుంటే మిగిలే డబ్బు ఇటు వస్తుంది. ఖమ్మం ఎండలకు అద్దం ముఖం పెట్టుకున్న కేబినెట్ ఏం చేస్తుంది?

మీ ఫ్రెండ్ ఎవరో "ఐ7 గేమింగ్ పీసీ" 18 వేలకే ఇస్తానన్నాడట. అది ఐ7-2600. 2011 నాటి ప్రాసెసర్. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న సపోర్ట్ ఆపేసింది, విండోస్ 11 జాబితాలో ఆ చిప్ లేదు. నువ్వు ఆడే వాలొరాంట్ విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు లేకపోతే తెరుచుకోదు. వద్దని చెప్పెయ్.

బిగించేటప్పుడు ప్రాసెసర్‌ను మూలన ఉన్న బంగారు త్రికోణం చూసి పెట్టు, నొక్కకు. ఏఎం4లో పిన్నులు చిప్‌కే ఉంటాయి, ఒక్కటి వంగినా గోలే. కూలర్ కింద థర్మల్ పేస్ట్ ముందే ఉంటుంది, నువ్వేం వెయ్యక్కర్లేదు. మానిటర్ కేబుల్ కార్డుకు పెట్టు, బోర్డుకు కాదు. బిల్లు జీఎస్టీతో తీసుకో, వారంటీకి అదే ఆధారం.

ఒక్క మాట మాత్రం ఒట్టేసి చెప్పు: ఎస్‌ఎంపీఎస్ పాడైనా దాని మూత నువ్వు విప్పవు. ప్లగ్ పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టుల పైన కరెంటు నిలిచి ఉంటుంది. అది నా పని, నీది కాదు.

నేను వచ్చి బిగిస్తానని అనను. నీ డబ్బు, నీ మిషను, నీ చేతులతోనే బిగించు. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు మాత్రం నాన్నను పక్కన కూర్చోబెట్టుకో. పవర్ బటన్ ఆయన చేత నొక్కించు. ఆయన నొక్కనంటే బతిమాలు. ఆ మధ్యాహ్నం తర్వాత ఆయన సొంతానికి కంప్యూటర్ కొనుక్కోలేదు.

ఇంట్లో ఫొటోలన్నీ బయట ఇంకో డిస్కులోకి కూడా కాపీ చెయ్యి. ఆ డిస్కు నేను పంపుతున్నాను.

ఆదివారం మీ నాన్నకు ఫోన్ చేస్తాను. ఎస్‌ఎంపీఎస్‌కు డబ్బు కట్టే ముందు దాని లేబుల్ ఫొటో తీసి నాకు పంపు. 12 వోల్టుల గడి స్పష్టంగా కనపడాలి. నేను సరే అన్నాకే కట్టు.

నీ బాబాయి