ఆ క్లెయిమ్‌లో సగం మీదేనమ్మా

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఉంటాం. నాకు చిన్నప్పుడే పోలియో వచ్చింది. మా ఆయనకి గోడౌన్‌లో పడి నడుము దెబ్బతింది. ఆయన పేరు మీద ఈఎస్ఏ (జబ్బు వల్ల పని చేయలేనివాళ్ళకి ప్రభుత్వమిచ్చే భత్యం), అద్దెకి హౌసింగ్ బెనిఫిట్ వస్తున్నాయి. ఇప్పుడు వీటి బదులు ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్‌కి మారమని ఉత్తరం వచ్చింది. మా కాగితాలన్నీ బావగారే చూస్తారు, డబ్బు కూడా ఆయన అకౌంట్‌లోనే పడుతుంది. ఆ ఉత్తరం వచ్చిన మూడు వారాలకి సొరుగులో కరెంటు బిల్లుల కింద నాకు కనబడింది. ఈసారైనా మన అకౌంట్ ఇద్దామన్నందుకు మా ఆయన నాలుగు రోజులుగా మాట్లాడటం లేదు. కొత్త పద్ధతిలో మాకు డబ్బు తగ్గిపోతుందా?

జవాబు: గడువులోగా క్లెయిమ్ చేసి, మీ పరిస్థితులేవీ మారకపోతే మొదట్లో తగ్గదు. కొత్త లెక్కలో తక్కువ వస్తే ఆ తేడాని ట్రాన్సిషనల్ ప్రొటెక్షన్ కింద కలుపుతారు. యూనివర్సల్ క్రెడిట్‌లో మిగతా భాగాలు పెరిగేకొద్దీ అది కరుగుతూ వస్తుంది. మీ ప్రశ్నకి జవాబు ఇంతే. కానీ ఇంత పెద్ద ఉత్తరం మీరు రాసింది దీనికోసం కాదు.

బావగారిని నేను తప్పు పట్టను. తమ్ముడు మంచాన పడ్డప్పుడు ఆస్పత్రుల చుట్టూ తిరిగింది ఆయనే అయి ఉంటారు. మీ ఆయన ఆ రుణం మరిచిపోలేదు, మరిచిపోకూడదు కూడా. కానీ అన్నగారి రుణం తీర్చడానికి భార్య సంతకాన్ని కూడా ఆయన చేతిలో పెట్టేశారు. నాకు కోపం వచ్చింది అక్కడే. ఇంట్లో మీకు చెప్పకుండా ఉత్తరం సొరుగులోకి వెళ్ళిందంటే, మీ కాలి సంగతి తెలిసిన మనిషే మీకు బుర్ర కూడా లేదనుకున్నట్టే కదా! మా పెద్దమ్మ పింఛను పాస్‌బుక్ కూడా ఇలాగే ఏళ్ళ తరబడి మరిది బీరువాలో ఉండేది. మందులకి డబ్బు కావాలంటే గుమ్మం దగ్గర నిలబడి అడిగేది. ఆ దృశ్యం నేను మరిచిపోలేను.

ఈఎస్ఏలో మీరు ఆయన క్లెయిమ్‌లో ఒక పేరు మాత్రమే. యూనివర్సల్ క్రెడిట్‌లో అలా కుదరదు. భార్యాభర్తలది జాయింట్ క్లెయిమ్. ఎవరి ఆన్‌లైన్ ఖాతా వాళ్ళు తెరవాలి, ఒకరికి వచ్చిన కోడ్‌తో రెండోవారు జత కావాలి, ఇద్దరూ గుర్తింపు చూపాలి. మీరు కదలకపోతే ఆయన క్లెయిమ్ కూడా ముందుకి సాగదు. ఈ మాట మీ ఆయనకి చెప్పండి. దెప్పుతూ కాదు, ఆయన పక్కన కూర్చుని చెప్పండి.

బావగారి దగ్గర మీ డబ్బు ఎంత పోగైందో మీకు తెలుసా? తెలియదనే అనుకుంటున్నాను. ఎవరి అకౌంట్‌లో ఉన్నా అది మీదైతే మీ పొదుపే. 6,000 పౌండ్లు దాటితే వచ్చేది తగ్గుతుంది, 16,000 దాటితే క్లెయిమ్ చేసే అర్హతే పోవచ్చు. ఫారమ్‌లో నిజం చెప్పాల్సింది మీరిద్దరే, బావగారు కాదు. లెక్క అడగడానికి మొహమాటం దేనికి? అవమానించడానికి అడగడం లేదు కదా. ఒకవేళ మీ ఆయన నిజంగా తన వ్యవహారాలు చూసుకోలేని స్థితిలో ఉంటే ప్రభుత్వమే అపాయింటీని, అంటే ఆయన తరఫున క్లెయిమ్ చూసుకునే మనిషిని, నియమిస్తుంది. నాలుగు రోజులు పంతం పట్టి మౌనంగా ఉండగలిగిన మనిషికి ఆ అవసరం ఉందని నాకనిపించడం లేదు.

డబ్బు మామూలుగా నెలకోసారి ఒకే అకౌంట్‌లో పడుతుంది. ఇద్దరి పేరునా జాయింట్ అకౌంట్ తెరవండి. ఇంట్లో డబ్బు మీ చేతికి అందనివ్వకపోతే చెరి సగం ఇవ్వమని అడిగే వీలు కూడా ఉంది. మీకు పిఐపి (వైకల్యం ఉన్నవాళ్ళకి ఇచ్చే భత్యం) వస్తుంటే దానికీ ఈ మార్పుకీ సంబంధం లేదు, అది మీ సొంత అకౌంట్‌లో పడేలా చూసుకోండి. ఈఎస్ఏ ఇంకో 2 వారాలు వస్తుంది గానీ, కొత్త డబ్బుకి దాదాపు 5 వారాలు పడుతుంది. అద్దె సంగతి ముందే చూసుకోండి.

మీకిచ్చిన గడువు ఉత్తరం మీద ఉన్న తేదీ నుంచి 3 నెలలు. అందులో మూడు వారాలు సొరుగులోనే గడిచిపోయాయి. సిటిజన్స్ అడ్వైస్ అనే సలహా సంస్థ వాళ్ళు హెల్ప్ టు క్లెయిమ్ కింద ఉచితంగా సాయం చేస్తారు, ఫోన్ మీరే చేయండి. ఇంకా సమయం కావాలంటే గడువు దాటకముందే అడగాలి. ఈ రాత్రి మీ ఆయనకి అన్నం పెట్టాక ఆ ఉత్తరం ఇద్దరి మధ్యా పెట్టుకుని, పై నుంచి కింది దాకా ఆయనకి వినపడేలా మీరే చదవండి.