కొబ్బరిచెట్టు తప్ప ఎత్తు తెలియని పిల్లల్ని రాయి ఎక్కించాలంటే

అమలాపురంలో ఉంటాం, పదేళ్ల బాబు, ఏడేళ్ల పాప, హైదరాబాద్ మాల్‌లో గోడ ఎక్కారు, ఇప్పుడు బయట నిజం రాయి ఎక్కాలంటున్నారు, దగ్గర్లో ఎక్కడైనా ఉందా, ఏం చూసుకోవాలి అని అడిగారు కదా. మాది కొత్తపేట దగ్గర. మూడేళ్ల కిందట నేనూ ఇదే వెతుక్కున్నాను.

దగ్గర్లో లేదండి. మన కింద ఉన్నదంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. ఇంటి పునాదికి రాయి కావాలన్నా లారీ మీద రావాల్సిందే. కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలుపెట్టినప్పుడు ధవళేశ్వరం కొండ రాయి పక్కనే దొరికింది కాబట్టి సరిపోయింది, అక్కణ్ణుంచి కిందికి మనకి బురదే. గౌరీపట్నం వైపు క్వారీ గోడలు చూసి మా బావమరిది "నిలువుగా భలే ఉంది బావా, ఇక్కడే ఎక్కించేద్దాం" అన్నాడు. ఆ పని మాత్రం చేయొద్దు. మందు పెట్టి పేల్చిన రాయి లోపలంతా పగుళ్లే, పట్టుకున్న ముక్క చేతిలోకి ఊడి వస్తుంది.

మేం రాజమండ్రిలో రాత్రి రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి భువనగిరి వెళ్లాం. హైదరాబాద్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు. కోట ఉన్న కొండంతా ఒకటే బండ. అక్కడ క్లైంబింగ్ నేర్పేవాళ్లున్నారు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ మొదట శిక్షణ తీసుకున్నది ఈ బండ మీదే. ఆ సంగతి చెబితే మా వాడు రైల్లో నిద్ర కూడా పోలేదు.

వాడికి పన్నెండు, కోతిలా ఎక్కేశాడు, వాడి గురించి చెప్పడానికేం లేదు. చెప్పాల్సింది తొమ్మిదేళ్ల మా పాప గురించి. మాల్ గోడ మీద రంగురంగుల పట్లు ఉంటాయి. ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ లేని ఏటవాలు బండ. అడుగు వేస్తుంది, వెంటనే తీసేస్తుంది. మొదట భయమనుకున్నాను. కాసేపటికి అర్థమైంది: దానికి తెలిసిన రాయి మా కాలవ రేవు మెట్లు, పాచి పట్టినవి. నున్నగా కనిపించే రాయి మీద కాలు పెడితే జారుతుందని పుట్టినప్పటి నుంచీ మనమేగా చెప్పాం! ట్రైనర్ దాన్ని నేల దగ్గరే, తాడు లేకుండా, మూడడుగుల ఎత్తులో పావుగంట అటూ ఇటూ నడిపించాడు. మడమ కిందికి దించి, పాదం ముందు భాగం మొత్తం రాయికి ఆనించమన్నాడు. ఎండిన గ్రానైట్ గరుకుగా ఉండి షూని పట్టేస్తుంది. అది ఒకసారి నమ్మాక పాప నడక మారిపోయింది. మీ పాపకీ ఇక్కణ్ణుంచే మొదలుపెట్టించండి.

ఇక నేను చేసిన తప్పు. ఇరవై అడుగులు ఎక్కాక పాప ఆగిపోయింది. నేను కింద నుంచి "ఇంకొంచెమే తల్లీ, ఎక్కు, ఎక్కు" అని అరుస్తున్నాను. అరిచేకొద్దీ అది రాయికి బల్లిలా అతుక్కుపోతోంది. ట్రైనర్ నన్ను మర్యాదగానే వేపచెట్టు కిందికి పంపించాడు. అసలు చిక్కు ఎక్కడం కాదు, దిగడం. దిగాలంటే రెండు చేతులూ రాయి మీంచి వదిలేసి, వెనక్కి వాలి, హార్నెస్‌లో, అంటే నడుముకీ తొడలకీ కట్టి తాడుకి తగిలించే పట్టీల్లో, కూర్చోవాలి. పైగా ఆ తాడు సాగే రకం, బరువు వేయగానే ఓ జానెడు కిందికి దిగుతుంది. ఆ జానెడుకే పిల్లలకి గుండె ఆగినంత పనవుతుంది. ఇది నేల నుంచి ఐదడుగుల ఎత్తులో పదిసార్లు చేయించాకే పైకి పంపాలి. మేం ముందే పైకి పంపి, తర్వాత నేర్పాం.

మధ్యాహ్నం మళ్లీ మొదటి నుంచి చేశాం. "టేక్", "లోయర్" లాంటి మాటలు దాని నోటికి రావట్లేదని మా వాడు "పట్టు", "దింపు" అని మార్చాడు. నెలన్నరకోసారి మా తోటకి కొబ్బరికాయలు కోయడానికి దింపు కార్మికులు వస్తారుగా, ఆ మాట దానికి కొత్తేం కాదు. పైనుంచి "దింపూ" అని అరిస్తే కొండ కింద కూర్చున్న మేకల కాపరి కూడా నవ్వాడు.

సామాను సంగతి. నడుం సరిగా ఏర్పడని చిన్నపిల్లలకు నడుం హార్నెస్ ఒక్కటే చాలదు, తలకిందులైతే జారిపోవచ్చు. మీ ఏడేళ్ల పాపకి భుజాల మీదుగా వచ్చే ఫుల్ బాడీ హార్నెస్ ఉందో లేదో ఫోన్‌లోనే అడగండి. బైక్ హెల్మెట్ పనికిరాదు. తాడు పైన యాంకర్‌కి, అంటే రాయికి గట్టిగా బిగించిన ఆధారానికి, వేసి ఉండాలి, అంటే పిల్ల జారినా అక్కడే వేలాడాలి. ఎక్కే ప్రతిసారీ బకిల్, ఎనిమిది అంకె ముడి, కింద తాడు పట్టేవాళ్ల కారబినర్ (తాడు తగిలించే లోహపు కొక్కెం) లాక్, ఈ మూడూ మీరు కూడా చేత్తో ముట్టుకుని చూడండి. వాళ్లేమైనా అనుకుంటారని మొహమాటపడొద్దు. నేనడిగితే మా ట్రైనర్ ఇంకా సంతోషించాడు. షూ బిగుతుగా ఉంటే చాలు, స్కూల్ కాన్వాస్ షూతో మొదటి రోజు గడిచిపోతుంది. సెంటు కొట్టకండి, బండల కింద తేనెపట్లు ఉంటాయి.

వేసవి సెలవుల్లో మాత్రం పెట్టుకోకండి. పదింటికే బండ పెనంలా కాలుతుంది. వాన పడిన మర్నాడూ వద్దు. డిసెంబరు, జనవరి బాగుంటాయి. సంక్రాంతికి మన ప్రభల తీర్థం వదిలి ఎవరూ కదలరు కాబట్టి ఆ ముందు వారమో, తర్వాత వారమో చూసుకోండి. బుక్ చేసేముందు ఒక్కో తాడుకి ఎంతమంది పిల్లలని అడగండి. మా బ్యాచ్‌లో ఐదుగురే, అయినా ఒక్కొక్కళ్లకి నలభై నిమిషాలు ఎదురుచూపు తప్పలేదు. అంతకంటే ఎక్కువ చెబితే వేరే రోజు అడగండి, చేతిలో జంతికల డబ్బా ఎలాగూ ఉంచుకోండి.