చిట్టీ అయిపోయే నెలే మీ రాజీనామా నెల

ప్రశ్న: సార్, నాకు 26 ఏళ్లు. బీటెక్ మూడో ఏడాదిలో ఆపేశాను. హన్మకొండలో మొబైల్ షాపులో చేస్తున్నాను, జీతం 24 వేలు. ఇంటికి 7 వేలు, నా ఖర్చులు 11 వేలు, చిట్టీకి 5 వేలు పోతాయి. లక్ష చిట్టీ, 20 నెలలది, ఇప్పటికి 6 కట్టాను, ఇంకా పాడలేదు. ఎఫ్‌డీలో లక్షా 40 వేలున్నాయి. ఉద్యోగం మానేసి అమీర్‌పేటలో ఫుల్‌స్టాక్ (వెబ్‌సైట్‌లో కనిపించే భాగం, వెనక నడిచే భాగం రెండూ రాయడం) కోర్సు చేసి ప్రోగ్రామర్ అవ్వాలని ఉంది. ఫీజు 90 వేలు, జీఎస్టీ అదనం. చిట్టీ పాడనా, ఎఫ్‌డీ తీయనా, వాళ్లిచ్చే ఈఎంఐ తీసుకోనా?

జవాబు: మూడూ వద్దు. కోపం తెచ్చుకోకుండా ముందు లెక్క చూడండి. 90 వేలకి 18 శాతం జీఎస్టీ కలిపితే 1,06,200. మీరు ఇదొక్కటే ఖర్చనుకుంటున్నారు. కోర్సుకి ఆరు నెలలు, తర్వాత ఉద్యోగం వెతుక్కోడానికి ఇంకో ఆరు నెలలు అనుకుంటే ఆ ఏడాదిలో రాకుండా పోయే జీతం 2,88,000. అంటే మీ కోర్సు ఖరీదు దగ్గర దగ్గర నాలుగు లక్షలు, అందులో ముప్పాతిక భాగం ఇన్‌స్టిట్యూట్‌కి కాదు, మీరు మానేసిన ఉద్యోగానికే పోతోంది. పైగా చిట్టీ ఇప్పుడు పాడితే పోటీని బట్టి పాతికో ముప్పయ్యో వేలు వదులుకోవాలి, ఆ తర్వాత జీతం లేకపోయినా 14 నెలలు 5 వేల చొప్పున కడుతూనే ఉండాలి. ఎత్తుకున్న చిట్టీ అప్పుతో సమానం, అది మాత్రం మర్చిపోవద్దు.

ఈఎంఐ సంగతి ఇంకా ఘోరం. నో కాస్ట్ అన్నా సరే, అది ఫైనాన్స్ కంపెనీ మీ పేరు మీద ఇచ్చే లోను. డబ్బు మొదటి రోజే ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లిపోతుంది. నా దగ్గరికి వచ్చిన ఒకబ్బాయి చేరిన చోట రెండో నెలలో సార్ మారాడు, నాలుగో నెలలో బోర్డే తీసేశారు, ఈఎంఐ మాత్రం ఆగలేదు. ఆగ్రహంతో కట్టడం మానేశాడు, సిబిల్ స్కోరు పోయింది.

సరే, మరి ఎలా? ఉద్యోగం చేస్తూనే నేర్చుకోండి. షాపు పదింటికి తెరుస్తారు కదా, పొద్దున అయిదున్నర నుంచి ఎనిమిది వరకు మీదే. హార్వర్డ్ వాళ్ల కంప్యూటర్ సైన్స్ కోర్సు సీఎస్50, కోడింగ్ నేర్పే వెబ్‌సైట్ ఫ్రీకోడ్‌క్యాంప్, మన ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ పాఠాలు, అన్నీ ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. ఖర్చల్లా ల్యాప్‌టాప్‌కే. సికింద్రాబాద్ పారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంపెనీలు వాడి తీసేసిన బిజినెస్ ల్యాప్‌టాప్‌లు దొరుకుతాయి. ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్ ఉన్నది చూసుకోండి, బ్యాటరీ అక్కడే పరీక్షించండి, 28 వేలు పక్కన పెట్టండి చాలు.

వీడియోలు చూస్తూ నేర్చుకున్నట్టు అనిపిస్తుంది గానీ అదొక మాయ. మీ కౌంటర్ దగ్గరే మంచి పరీక్ష ఉంది. ప్రతి ఫోన్‌కీ ఐఎంఈఐ నంబరు ఉంటుంది, 15 అంకెలు. చివరి అంకె మిగతా పద్నాలుగింటి నుంచి లెక్క కట్టి వస్తుంది, ఆ లెక్కని లూన్ పద్ధతి అంటారు. స్టాక్ రిజిస్టర్‌లో నంబరు తప్పు కొట్టగానే పట్టుకునే ప్రోగ్రాం రాయండి, తర్వాత దాన్నే షాపు స్టాక్ లెక్కగా పెంచండి. మూడు నెలలకి ఇది ఎవరినీ అడగకుండా రాయగలిగితే ముందుకు వెళ్లండి. రాయలేకపోతే, పోయింది ల్యాప్‌టాప్ డబ్బులే, అదీ అమ్ముకుంటే సగం పైనే వస్తుంది.

ఇక డబ్బు. 14 నెలల్లో చిట్టీ పూర్తవుతుంది, 5 శాతం కమిషన్ పోను 95 వేలు చేతికొస్తాయి. ఎఫ్‌డీలో ల్యాప్‌టాప్ పోను మిగిలింది 1,12,000. మొత్తం 2,07,000. అప్పటికి చిట్టీ కట్టే పని లేదు కాబట్టి నెలకి కావలసింది 18 వేలే, అంటే జీతం లేకపోయినా 11 నెలలు అప్పు లేకుండా నిలబడతారు. హైదరాబాద్ వచ్చి ఇంటర్వ్యూలు తిరగాలంటే అప్పుడు రండి.

డిగ్రీ లేకపోవడం అడ్డం కాదని నేను అబద్ధం చెప్పను. చిన్న కంపెనీలు, స్టార్టప్‌లు మీ కోడ్ చూస్తాయి, పెద్ద కంపెనీల హెచ్‌ఆర్ మాత్రం చాలాసార్లు రెజ్యూమె తెరిచే ముందే డిగ్రీ అడుగుతుంది. అందుకని అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలోనో ఇగ్నోలోనో డిగ్రీ మొదలుపెట్టి పక్కన నడవనివ్వండి. అమెరికా ఆలోచన ఉంటే మరీ అవసరం, అక్కడ ఉద్యోగానికిచ్చే హెచ్‌1బీ వీసాకి డిగ్రీ బదులు అనుభవం చూపించాలంటే ఒక్కో చదువు ఏడాదికి మూడేళ్ల పని లెక్క, నాలుగేళ్ల డిగ్రీకి 12 ఏళ్లు. ఇంట్లో ఇంటర్ చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే జోహో సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపే జోహో స్కూల్స్ గురించి చెప్పండి, 2005 నుంచి ఇంటర్ పిల్లల్ని తీసుకుని స్టైపెండ్ ఇచ్చి నేర్పిస్తున్నారు. మీ వయసుకి అది దాటిపోయింది.

అమీర్‌పేటలో ఎవరో ఒకరు మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇప్పిస్తామని అంటారు, అనకుండా ఉండరు. దానికి రూపాయి ఇవ్వొద్దు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్, అంటే మీ పీఎఫ్ నంబరు, అడుగుతారు, ఏ కంపెనీ మీకు ఏ నెల పీఎఫ్ కట్టిందో అందులో ఉంటుంది. కాగితం మీద మూడేళ్లు, పీఎఫ్‌లో సున్నా అయితే చేరిన నెలకే పంపించేస్తారు. ల్యాప్‌టాప్ కొన్నాక మిగిలిన ఎఫ్‌డీని ఆటో రెన్యూవల్‌లో పెట్టేసి, చిట్టీ ఆఖరి వాయిదా తేదీని ఫోన్‌లో రిమైండర్‌గా పెట్టుకోండి.